జడ్జిగారి ఎడమ పెడలు

ఆ వీధిలో బైండింగ్ షాపాయన్ని అందరూ జడ్జిగారంటారు. ఆయన కోర్టు మెట్లెక్కిందీ లేదు, నల్లకోటు తొడిగిందీ లేదు. ఉన్నదల్లా ఒక ఇరుకు గది, అందులో ఒక ఇనుప ప్రెస్సు, పొడుగాటి బల్ల, జిగురు కాచుకునే స్టవ్వు, ఇవన్నీ పోగా మిగిలిన చోటంతా ఆయన కోపం. ఆ పేరు మాత్రం ఊరికే రాలేదు. చిరిగిన పుస్తకం పట్టుకుని ఎవరొచ్చినా ఆయన ముందు ధర చెప్పడు, ఎప్పుడు రావాలో చెప్పడు. పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నుదుటి మీదున్న కళ్లద్దాలు ముక్కు మీదకి లాగి, వెన్ను పొడుగునా వేలితో ఒకసారి తడిమి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"ఎవరు చేశారిది?"

ఇది అంటే టేపు. లేదా స్టేప్లరు పిన్నులు. లేదా గిన్నెల అడుగున మాట్లు వేసే జిగురు. జనానికి పుస్తకం చిరగ్గానే చేతులు దురదపెడతాయి. ఇంట్లో ఏదుంటే అది పూసేస్తారు, అది పసుపురంగుకి తిరిగి, కాయితాన్ని కొరుక్కుతిని, పుస్తకం అట్టా లోపలా వేరైపోయాక అప్పుడు గుర్తొస్తాడు బైండరు. జడ్జిగారికి ఒళ్లు మండేది అక్కడే. చిరిగిన పుస్తకాన్ని ఆయన ఎంతైనా ముద్దుచేస్తాడు. ఇంట్లో వైద్యం చేసి తెచ్చిన పుస్తకాన్ని చూస్తే మాత్రం ఇంతెత్తున లేస్తాడు.

జనం సహజంగానే అబద్ధమాడతారు. మా తమ్ముడండీ అంటారు, కొన్నప్పుడే ఇలా ఉందండీ అంటారు. అలా అన్నవాళ్ల పుస్తకాన్ని జడ్జిగారు రెండు వేళ్లతో వెనక్కి తోసేస్తాడు. "మీ తమ్ముణ్నే తీసుకురమ్మనండి" అంటాడు. చివరికి గుటకలు మింగుతూ నేనే అని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే చాలదు, ఒక చిన్న చీటీ మీద 'నేనే చేశాను' అని రాసి, కింద తన వృత్తి రాయాలి. పీకిన టేపునీ పిన్నుల్నీ ఆ చీటీతో కలిపి గోడ మీది చెక్కకి మేకు కొట్టి తగిలిస్తాడు. ఆ చెక్క మీద ఒక బ్యాంకు క్యాషియరున్నాడు, ఇద్దరు లెక్చరర్లున్నారు, పళ్లకి పెట్టే సిమెంటు పుస్తకానికి పెట్టిన పళ్ల డాక్టరున్నాడు. ఇంత అవమానం పడి జనం ఎందుకొస్తారంటే, ఆయన చేతిలో పడ్డ పుస్తకం మళ్లీ విప్పుకోదు. అదొక్కటే కారణం. మనిషిని చూసి వచ్చేవాళ్లెవరూ లేరు.

అదే వీధిలో ఇరవై గడపల అవతల సైకిల్ షాపుంది. ఆ షాపు నడిపేవాడు కూడా రెండేళ్ల క్రితం ఆ చెక్కకి ఎక్కినవాడే. వాళ్ల నాన్న కూడా సైకిళ్లే బాగుచేసేవాడట. ఏ సైకిలుకి ఏ బాల్సు పడతాయో, ఏ మర ఎటు తిరుగుతుందో బొమ్మలు వేసి మరీ ఒక లావుపాటి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆయన పోయాక పేజీలు ఊడిపోతుంటే కొడుకు తనకి తెలిసిన వైద్యం చేశాడు. పంక్చర్లకి వాడే సొల్యూషన్ పూసి, వెన్నుకి రబ్బరు ముక్క, అదీ ఆకురాయితో గీకి శుభ్రంగా, అతికించాడు. నెల తిరక్కుండా నోటుబుక్కు మొత్తం ఒకే ముద్ద అయింది.

"ఎవరు చేశారిది?"

"మా అన్నయ్యండీ."

"అన్నయ్యనే రమ్మను."

షాపులో అప్పుడు ముగ్గురు మనుషులున్నారు, ముగ్గురూ నవ్వారు. సైకిలాయన చేతులు కట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. "నేనే చేశానండి" అన్నాడు చివరికి.

"పంక్చర్లు వేసుకునేవాడివి పంక్చర్లు వేసుకోక పుస్తకం జోలి నీకెందుకయ్యా? పనొచ్చినవాడి దగ్గరికి తేవాలన్న జ్ఞానం ఉండక్కర్లేదూ?"

ఆ మనిషి చీటీ రాసిచ్చి వెళ్లిపోయాడు. జడ్జిగారు మూడు రోజులు కూర్చుని రబ్బరంతా గీకి, పేజీ పేజీ విడదీసి, కొత్త దారంతో కుట్టాడు. కుట్టు చివర తన ముడి వేశాడు. దారాన్ని రెండు చుట్లు తిప్పి వెనక్కి దోపే ఆ ముడి ఆయన సొంతం, ఇంకే బైండరూ వేయడు. పేజీలన్నీ ఒక్కొక్కటే ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ఒక్కటీ చదవలేదు. చదవడం బైండరు పని కాదని ఆయన అభిప్రాయం. ఆ రోజు నుంచి సైకిలాయన వీధిలో ఎదురైతే తలూపేవాడు, అంతే.

ఇక అసలు సంగతి. జడ్జిగారి భార్యకి ఉద్యోగం వచ్చింది.

ఇరవై ఆరేళ్లు ఆ షాపు వెనక గదిలో జిగురు వాసన పీలుస్తూ సంసారం చేసిన మనిషి. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది, ఎవరికీ చెప్పకుండా వెళ్లి మాట్లాడి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా. సోమవారం చేరాలి. అక్కడి సూపర్‌వైజరు ఒకటే మాట చెప్పింది, మొదటి రోజు ఆలస్యమైతే రెండో రోజు రానక్కర్లేదని. ఆసుపత్రి చూస్తే ఎనిమిది కిలోమీటర్లు, మొదటి బస్సు ఏడింటికి. అందుకని అక్క దగ్గర మూలపడి ఉన్న పాత సైకిల్ తెచ్చుకుంది. సైకిల్ బానే ఉంది, ఎడమ పెడలు ఒక్కటే ఊగుతూ కటకటమంటోంది.

"ఏవండీ, ఈ పెడలు సైకిల్ షాపులో చూపించుకొస్తాను" అంది శనివారం పొద్దున్న.

జడ్జిగారు జిగురు కలుపుతున్నవాడల్లా ఆగాడు. "పెడలుకి షాపెందుకు? పాతది విప్పడం, కొత్తది బిగించడం. నేను చేస్తాను."

"మీకొచ్చా?"

"చేతిపని చేసేవాడికి ఏ పనైనా ఒకటే."

"మీ చెక్క మీదున్నవాళ్లందరూ అలాగే అనుకుని ఉంటారు."

ఆ మాట ఆయన చెవిన పడనట్టే జిగురు గబగబా కలిపాడు. ఆమె కాసేపు చూసి, "సోమవారం ఆరింటికి నేనక్కడుండాలి. అది గుర్తుపెట్టుకుని ఏం చేసుకుంటారో చేసుకోండి" అని లోపలికి వెళ్లింది.

పిసినారితనం అనుకునేరు. అది కాదు. డబ్బు దగ్గర ఆయన చెయ్యి ధారాళమే. సైకిల్ షాపుకి వెళ్తే ఆ మనిషి ముందు నిలబడి "ఇది బాగుచేసి పెట్టు బాబూ" అనాలి. అదీ ఆయనకి కొరుకుడుపడని సంగతి. తను ముగ్గురి ముందు పరువు తీసిన మనిషి ముందు చెయ్యి చాచడం కన్నా, ఆ సైకిల్ని నోటితో విప్పమన్నా విప్పేవాడు.

మధ్యాహ్నం ఇనుప సామాన్ల కొట్లో కొత్త పెడళ్ల జత కొన్నాడు, ఒక పొడుగాటి పానా అద్దెకి తెచ్చాడు. చెయ్యి తిరగడానికని ముందు కుడి పెడలు పట్టాడు. పానా వేసి తన వైపు లాగేసరికి బుద్ధిగా ఊడి వచ్చేసింది. కొత్తది బిగించాడు. అయ్యగారికి ఆనందం ఆగలేదు, ఈలపాట కూడా మొదలుపెట్టాడు. ఇంతోటి పనికి జనం షాపు దాకా వెళ్తారు చూడు అనుకున్నాడు.

ఇక ఎడమది. కుడిది ఎటు తిప్పితే ఊడిందో ఎడమదాన్నీ అటే తిప్పాడు. ఎవరైనా అదే చేస్తారు, సైకిల్ గురించి ఏమీ తెలియనివాళ్లెవరైనా. తొక్కుతుంటే ఊడిపోకుండా ఉండాలని ఎడమ పెడలుకి మరలు తిరగేసి కోస్తారు. ఈ ముక్క సైకిళ్ల వాళ్లింట్లో పుట్టిన పసిపిల్లలకి కూడా తెలుసు. మన మహానుభావుడికి తెలియదు. విప్పుతున్నాననుకుంటూ ప్రాణం పెట్టి బిగించాడు. అది మొండికేసింది. ఈయన అంతకన్నా మొండి. ప్రెస్సు తిప్పే ఇనుప గొట్టం తెచ్చి పానా పిడికి తొడిగాడు, దాని మీద కాలు పెట్టాడు, చివరికి రెండు కాళ్లూ పెట్టి ఎక్కి నిలబడ్డాడు. కిర్రుమంది. పానా గిర్రున తిరిగింది.

"లొంగిందా లేదా?" అన్నాడు సైకిలుతో.

లొంగింది పెడలు కాదు. పెడలు బిగించే ఇనుప చెయ్యి, దాన్ని క్రాంకు అంటారు, దాని రంధ్రంలో ఉన్న మరలన్నీ తునాతునకలై ఇనుప పొట్టులా రాలిపోయాయి. పాతది పీకేసి కొత్త పెడలు అందులో పెడితే ఎంత సులువుగా దూరిందో అంత సులువుగా బయటికొచ్చింది. జడ్జిగారు అయిదారుసార్లు పెట్టి చూశాడు, తీసి చూశాడు. ఆయన ఈల ఎప్పుడో ఆగిపోయింది.

అప్పటికి సాయంత్రం నాలుగు. సైకిల్ షాపు తెరిచే ఉంది. గుమ్మంలో నిలబడి చూస్తే కనిపిస్తోంది కూడా. ఆయన గుమ్మం దాకా వచ్చాడు, చూశాడు, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. ఇరవై గడపలు ఆయనకి ఎనిమిది కిలోమీటర్ల కన్నా దూరమనిపించాయి.

అక్కడ పుట్టిందండీ బుద్ధి. వెన్ను విరిగిన పుస్తకానికీ దీనికీ తేడా ఏముంది అనుకున్నాడు. స్టవ్వు వెలిగించి జిగురు కాచాడు. పెడలు ఇరుసుకి మైనం పట్టించిన దారం ఒక్కో చుట్టూ ఆనించి చుట్టాడు, జిగురు పూసి రంధ్రంలోకి దిగ్గొట్టాడు, క్రాంకు పైనుంచి పుస్తకాల వెన్నుకి వేసే ఎర్ర కాలికో గుడ్డ తొడిగి అంచులు మడతలు నొక్కే ఎముక పలకతో రుద్దాడు, మొత్తాన్ని అడ్డకుట్టుతో బిగించి చివర తన ముడి వేశాడు. ముడత లేదు, మరక లేదు. నిజం చెప్పాలంటే అంత అందమైన పెడలు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండి ఉండదు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆరబెట్టి భార్యని పిలిచాడు.

ఆమె ఆ ఎర్ర గుడ్డని చూసింది, మొగుణ్ని చూసింది. "ఇదేంటి?"

"బలానికి. ఎక్కి చూడు, తెలుస్తుంది."

తెలిసింది. వీధి మలుపు దాకా సైకిల్ చక్కగా వెళ్లింది. మలుపులో ఆమె ఎడమ కాలు గట్టిగా వేసేసరికి పెడలు కాస్తా చేతి గాజులా ఊడి దొర్లుకుంటూ పోయింది, ఆమె అటు పడింది, సైకిల్ ఆమె మీద పడింది. జడ్జిగారు పరిగెత్తి వెళ్లేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. మోకాలు దోక్కుపోయి రక్తం కారుతోంది. పెడలు వెతికి చేతిలోకి తీసుకుంది. అరిచి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. ఆమె అరవలేదు.

"పదండి" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికో మీకు తెలుసు."

సైకిల్ ఆమే నడిపించింది. జడ్జిగారు వెనక నడిచాడు. ఇరవై గడపలు అయిపోయాయి.

సైకిల్ షాపాయన చక్రం సరిచేస్తూ కింద కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఇద్దరు మనుషులు తమ సైకిళ్ల కోసం కాచుకుని ఉన్నారు. ఆయన లేచి చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చాడు, క్రాంకు దగ్గర వంగాడు. ఎర్ర కాలికో మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా ఒకసారి తడిమాడు.  ఆ తడమడం జడ్జిగారికి బాగా తెలుసు, దాని తర్వాత ఏమొస్తుందో ఇంకా బాగా తెలుసు.

"ఎవరు చేశారిది?" అన్నాడు సైకిలాయన. గొంతు పెంచలేదు.

బల్ల మీద ఇద్దరూ తలెత్తారు. జడ్జిగారు నీళ్లు నమిలాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"మా ఆవిడ."

ఛీ. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆమె పక్కనే ఉంది, జానెడు దూరంలో, మోకాలి మీద రక్తం ఇంకా ఆరలేదు. మాట బయటికొచ్చేశాక కానీ తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. ఆమె ఒక్కసారి మొగుడి మొహంలోకి చూసింది. తర్వాత సైకిలాయన వైపు తిరిగింది.

"అవునండీ. నేనే చేశాను."

బల్ల మీద ఒకాయన నవ్వాడు. సైకిలాయన నవ్వలేదు. ఆమె మోకాలు చూశాడు, మళ్లీ వంగి కుట్టు చివరికంటా చూశాడు. "సరే అక్కా. గంటలో ఇస్తాను. కూర్చోండి" అన్నాడు.

పాత క్రాంకుని పట్టుకున్న పిన్ను కొట్టి తీసి, పెట్టెలోంచి ఇంకోటి వెతికి తొడిగాడు. పెడలు బిగించే ముందు పానా ఆమె చేతికిచ్చాడు. "ఎడమది మాత్రం తిరగేసి ఉంటుందక్కా. అందరూ బిగించేటప్పుడు ఎటు తిప్పుతారో, దాన్ని అటు తిప్పితే వదులవుతుంది. మీరే బిగించండి, దారిలో అవసరపడొచ్చు." ఆమె బిగించింది. ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది. డబ్బిచ్చి, "ఆ పాతది కూడా ఇస్తారా?" అని అడిగి, ఎర్రగుడ్డ కట్టిన క్రాంకుని సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చే దారిలో జడ్జిగారు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. "అంటే, వాడి ముందు..." అన్నాడు.

"భోజనం వడ్డించనా?" అంది ఆమె. 

సోమవారం ఆయన లేచేసరికి సైకిల్ లేదు, ఆమె లేదు. తొమ్మిదింటికి షాపు తెరిచి, దీపం వేసి, అలవాటుగా గోడకేసి చూశాడు. చెక్క మధ్యలో, క్యాషియరుకీ పళ్ల డాక్టరుకీ మధ్య, ఎర్రగుడ్డ క్రాంకు వేలాడుతోంది. కింద చీటీ. గుండ్రటి అక్షరాలు, తొందరపడకుండా రాసినవి.

'నేనే చేశాను. బైండరు భార్య.'

 స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ చెక్క మీద చీటీలు పదేళ్లుగా ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం లేదు. అదే ఆయన గొప్ప. ఇప్పుడు ఒకటుంది, అది ఆయన పెట్టించింది.

చీటీ పీకేద్దామని లేచేలోపు మొదటి బేరం వచ్చింది. రిటైరైన పెద్ద టీచరమ్మ, చంకలో డిక్షనరీ, డిక్షనరీ వెన్నుకి నాలుగు వరసల టేపు. ఆవిడకి ఇక్కడి పద్ధతి తెలుసు. "అడగక్కర్లేదు నాయనా, నేనే చేశాను. చీటీ ఇలా ఇవ్వు, రాసిస్తాను" అంది. మేకు ఎక్కడ ఖాళీ ఉందా అని చెక్కకేసి చూసి, క్రాంకు దగ్గర ఆగింది. చదివి పకపకా నవ్వింది. "మీ ఆవిడా? ఇంట్లో నువ్వుండి, పనొచ్చినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లమని చెప్పకపోయావా?"

"ఆవిడే చెప్పిందండీ నాకు" అన్నాడు జడ్జిగారు.  "నేనే వినలేదు. ఇది నేను చేసిన పని. నిన్న ఆవిడ మీద పెట్టాను."

టీచరమ్మ నవ్వు ఆపేసింది. ఆయన క్రాంకునీ చీటీనీ మేకు నుంచి తీసి, "కాసేపు కూర్చోండమ్మా" అని బయటికి నడిచాడు.

సైకిల్ షాపులో ఆ పూట నలుగురున్నారు. జడ్జిగారు లెక్కపెట్టుకోలేదు కానీ, ఒకరు తక్కువైనా బావుండునని అనిపించింది. క్రాంకు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఇది నేనే చేశాను. మా ఆవిడ కాదు."

సైకిలాయన తలెత్తాడు. "తెలుసు సార్."

"ఎలా తెలుసు?"

ఆయన లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చాడు. నూనె మరకలు అంటకుండా పాత కాయితంలో చుట్టి ఉంది. తెరిచి, కుట్టు చివర రెండు చుట్లు తిరిగి వెనక్కి దోపిన ముడి చూపించాడు. తర్వాత క్రాంకు మీది ముడి చూపించాడు. "రెండేళ్లుగా రోజూ చూస్తున్నాను సార్ దీన్ని. ఇంకెవరి చెయ్యయినా నేను పోల్చలేకపోయేవాణ్నేమో."

"మరి తెలిసే అడిగావా నిన్న?"

"మీరడగరా?"

 సైకిలాయన పేజీలు తిప్పి ఒక చోట ఆపి, పుస్తకాన్ని ఆయన వైపు తిప్పాడు. రెండు పెడళ్ల బొమ్మ, ఎటు తిప్పాలో బాణాలు. కింద వాళ్ల నాన్న చేతిరాత. 'ఎడమది తిరగమర. తెలియకపోతే అడిగి చెయ్యాలి. బలం చూపించకూడదు.'

"ఈ పేజీ కూడా మీరే కుట్టారు" అన్నాడు సైకిలాయన.

జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సైకిలాయన చెవి వెనక ఉన్న పెన్సిల్ తీసి, సిగరెట్టు పెట్టె చింపిన అట్టముక్క ఒకటి ఆయన ముందుకి తోశాడు. "రాసివ్వండి సార్. మా గోడక్కూడా ఒక మేకు ఖాళీగానే ఉంది." నలుగురూ నవ్వారు. జడ్జిగారు రాసిచ్చాడు.

రెండున్నరకి బైండింగ్ షాపు ముందు సైకిల్ ఆగింది. ఆమె మొహం అలిసిపోయి ఉంది, చేతులు సబ్బునీళ్లకి తెల్లగా నానిపోయి ఉన్నాయి. జడ్జిగారు ఎదురెళ్లాడు.

"టైముకి వెళ్లావా?"

"పది నిమిషాల ముందే."

"నిన్న నీ మీద పెట్టాను. చాలా తప్పు చేశాను" అన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఆయన నోటి వెంట రావడం ఇదే మొదలు, అందుకే మరీ గబగబా వచ్చింది.

"వస్తూ వస్తూ చూశాను, సైకిల్ షాపు గోడ మీద" అంది ఆమె. "అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉన్నాయి." సైకిల్‌కి స్టాండు వేసి చక్రం దగ్గర వంగింది. "చైను కాస్త వదులైనట్టుంది."

జడ్జిగారి చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఆమె ఊరికే తలెత్తి చూసింది. ఆయన ఆ చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"సైకిల్ షాపు ఆరింటి దాకా తెరిచే ఉంటుంది" అన్నాడు.